స్పై సినిమాలో సస్పెన్స్ అంతా రెంట్ టైమర్‌దే

ఇప్పుడే జరిగింది, కడుపు మండుతోంది, అందుకే పడుకోకుండా రాస్తున్నా. రెంటుకు తీసుకున్న స్పై యాక్షన్ థ్రిల్లర్. క్లైమాక్స్‌లో హీరో బాంబు ముందు కూర్చుని ఏ వైరు కొయ్యాలా అని చెమటలు కక్కుతున్నాడు, నేను మంచినీళ్లకని పాజ్ పెట్టి లేచా, వచ్చి ప్లే నొక్కితే "మీ రెంటల్ గడువు ముగిసింది" అని ఒక నల్ల స్క్రీను. కింద చక్కగా "మళ్లీ రెంటుకు తీసుకోండి" అని బటన్. బాంబు మీద టైమర్ ఆగిందో లేదో దేవుడెరుగు, నా మీద పెట్టిన టైమర్ మాత్రం టంచనుగా పేలింది.

రూలు మీకూ తెలిసిందే. డబ్బు కట్టాక మొదలుపెట్టడానికి 30 రోజులు ఇస్తారు, ఒక్కసారి ప్లే నొక్కామా చాలాచోట్ల 48 గంటలే. నెలంతా ముట్టుకోకపోతే ఎవరికీ బాధ లేదు, ముట్టుకున్నాకే తొందర! ఉద్యోగం, పిల్లలు, మధ్యలో ఎవరికో జ్వరం, ఇవన్నీ ఉన్న మనిషి రెండున్నర గంటల సినిమాని ముక్కలుముక్కలుగానే చూస్తాడని వీళ్లకి ఎవరూ చెప్పలేదా? చెప్పే ఉంటారు. అందుకేగా ఆ బటన్. వీడియో క్యాసెట్ల కాలంలో ఆలస్యంగా తిరిగిస్తే ఫైన్ కట్టేవాళ్లం, షాపతను నాలుగు మాటలు సణిగేవాడు, అయిపోయేది. అంతేగానీ వీసీఆర్‌లో తిరుగుతున్న క్యాసెట్ తనంతట తను చెరిగిపోయేది కాదు కదా.

హెల్ప్ చాట్‌లోకి వెళ్తే "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము" అంటూ నేను ఒప్పుకున్న నిబంధనలే నాకు మళ్లీ అతికించారు. అవతల ఉన్నది మనిషో మిషనో కూడా తెలీదు. ఈ సినిమా మొత్తానికి నాకు తగిలిన అసలైన గూఢచారి వాడే, ఎన్నడిగినా నోరు విప్పలేదు.

"అయితే కొనుక్కోవచ్చుగా" అని ఒకరు వస్తారు, వాళ్ల కోసం ముందే చెప్తున్నా. కొన్నా అది మీది కాదు, చూసుకోవడానికి ఇచ్చిన లైసెన్స్ అంతే, వాళ్లకి హక్కులు పోతే మీ లైబ్రరీలోంచీ పోవచ్చు. కాలిఫోర్నియాలో దీనికి ఏకంగా చట్టం తేవాల్సి వచ్చింది, "కొనండి" అని బటన్ పెట్టి లైసెన్స్ అమ్మేవాళ్లు ఆ సంగతి కొనేవాడికి స్పష్టంగా చెప్పాలని, 2025 జనవరి నుంచి అమలు. ఆలోచించండి, అమ్మేవాడు అమ్మట్లేదు అని చెప్పడానికి కూడా చట్టం కావాలి!

సరే, ఆ కోపంలో ఒక రివ్యూ రాసి ఒక స్టార్ ఇచ్చా. వెంటనే ఒక మహానుభావుడు దిగాడు, "సినిమా పూర్తిగా చూడకుండా రివ్యూ ఎలా రాస్తారండీ" అని. అయ్యా, చూడని ముక్క నేను చెప్తా వినండి. బాంబు చివరి సెకనులో ఆగుతుంది. హీరోకి ట్రైనింగ్ ఇచ్చిన పెద్దాయనే ద్రోహి. చచ్చిపోయిందనుకున్న ఆవిడ చచ్చిపోలేదు. పేర్లన్నీ పడ్డాక ఎవరో చీకట్లో ఫోన్ ఎత్తి "వాడు బతికే ఉన్నాడు" అంటాడు, అంటే రెండో భాగం. ఏదైనా తప్పుంటే చెప్పండి, స్టార్లు పెంచుతా. ఇంతవరకు జవాబు లేదు.

అసలు నా బాధ ఏంటంటే, గూఢచారి అంటే ఎవరి కంటా పడకూడదు కదా, ఆ ఉద్యోగమే అది కదా. ఈ హీరో ఏ దేశంలో దిగినా ముందు స్లో మోషన్‌లో నడుస్తాడు. పెద్దపెద్ద అక్షరాలతో ఊరి పేరు టకటకా టైప్ అవుతుంది, అయిన ఐదు నిమిషాలకి ఆ ఊళ్లో సగం కార్లు తుక్కు. రహస్య మిషన్ అట! మన తెలుగోళ్లు 1966లోనే కృష్ణ గారిని గూఢచారి 116గా చూపించారు, అప్పట్నుంచి చూస్తూ పెరిగిన జనం మనం, మనకి కొత్తగా ఏం పెడుతున్నారు? అదే ఎర్ర వైరు, అదే నీలం వైరు.

సైలెన్సర్ సంగతి చూడండి. లైబ్రరీలో కాల్చినా పక్కవాడు పుస్తకంలోంచి తల ఎత్తడు, "తుప్" అంటుందంతే. నిజంగా తుపాకీ పేలితే 150 డెసిబెల్స్ కూడా దాటొచ్చు, ఆ గొట్టం తగ్గించేది మహా అయితే 20 నుంచి 35. అంటే తగ్గాక కూడా చెవులు గింగుర్లెత్తే శబ్దమే. ఇంక ఫోన్ ట్రేసింగ్. "ఇంకో 10 సెకన్లు మాట్లాడించు, దొరికిపోతాడు" అని హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న కుర్రాడు చేతులూపుతుంటాడు, విలన్ సరిగ్గా 9వ సెకనుకి కట్ చేస్తాడు. బాబూ, డిజిటల్ ఎక్స్ఛేంజీలు వచ్చాక కాల్ కలిసీ కలవగానే ఏ నంబరు నుంచి వచ్చిందో రికార్డయిపోతుంది, అంతసేపు మాట్లాడించాల్సిన పని లేదు. అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది లై డిటెక్టర్ సీను. సూది గడగడా ఊగుతుంది, ద్రోహి బయటపడిపోతాడు, సంగీతం. సీఐఏలో ఆల్డ్రిచ్ ఏమ్స్ అని ఒకాయన 1985 నుంచి సోవియట్ వాళ్లకి రహస్యాలు అమ్మాడు, మధ్యలో 1986లో, 1991లో రెండుసార్లు ఆ మిషన్ ముందు కూర్చుని హాయిగా పాసైపోయాడు. జీతం మీద బతికే ఆఫీసరు 5,40,000 డాలర్లు రొక్కంగా పోసి ఇల్లు కొన్నాడు, జాగ్వార్ కారులో ఆఫీసుకెళ్లాడు, అయినా పట్టుకునేసరికి 1994. తొమ్మిదేళ్లు! ఆయన అమ్మిన పేర్లలో కొందరిని అక్కడ కాల్చి చంపేశారు కూడా. ఇంతకంటే భయంకరమైన కథ ఏముంది చెప్పండి, పక్క సీట్లో కూర్చునే మనిషి అమ్మేస్తున్నాడు, ఎవరికీ పట్టలేదు. ఇందులో పేలుళ్లు లేవు కాబట్టి మనవాళ్లకి ఆనదు.

నూర్ ఇనాయత్ ఖాన్ గురించి ఎంతమందికి తెలుసో. టిప్పు సుల్తాన్ వంశంలో పుట్టిన ఆడపిల్ల, పిల్లల కోసం ఇంగ్లీషులో జాతక కథలు రాసుకునే మనిషి, 1943లో బ్రిటన్ వాళ్ల కోసం వైర్‌లెస్ ఆపరేటర్‌గా నాజీల చేతిలో ఉన్న ఫ్రాన్సులో రహస్యంగా దిగింది. సూట్‌కేసులో రేడియో సెట్టు, ఆ సూట్‌కేసు పట్టుకునే ఊళ్లో తిరగాలి. సందేశం పంపుతున్నంతసేపూ సిగ్నల్ ఎక్కణ్నుంచి వస్తోందో పసిగట్టే జర్మన్ వ్యాన్లు వీధుల్లో తిరుగుతుంటాయి, ఒకేచోట ఎక్కువసేపు కూర్చుంటే పట్టుబడినట్టే. తోటివాళ్లందర్నీ పట్టుకుపోతుంటే వెనక్కి రమ్మన్నా రాలేదు. అక్టోబరులో దొరికింది, 1944 సెప్టెంబరులో డాఖౌ అనే నాజీ నిర్బంధ శిబిరంలో చంపేశారు. ఇందులో కారు ఛేజ్ ఒక్కటి లేదు, తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఊపిరాడదు. మన హీరో మాత్రం శత్రువుల హెడ్డాఫీసులో టక్సీడో వేసుకుని తన అసలు పేరు చెప్పుకుంటాడు.

ఇంతా రాస్తే ఏం అంటారో తెలుసు. "లాజిక్ వెతక్కండి, ఎంజాయ్ చెయ్యండి." మా బావ ఎప్పుడూ ఇదే పాట, ఈ సినిమా చూడమని చెప్పిందీ ఆయనే. బావా, ఎగిరే కార్లని నేను ఎప్పుడూ ఏమీ అనలేదు, ఎగరనీ. తెలివైనవాళ్ల గురించి తీసిన సినిమాలో ఒక్కడైనా తెలివిగా ఉండాలిగా? దేశంలోకెల్లా పెద్ద రహస్యం పెన్ డ్రైవ్‌లో పెట్టి మెడలో వేసుకు తిరిగేవాణ్ని గొప్ప ఏజెంట్ అంటే నమ్మమంటారు, నమ్మకపోతే నాకు రసికత లేదు. బావతో ఇది ఈనాటి గొడవ కాదు లెండి, ఆయన ఫోన్‌లో స్పీడు పెంచుకుని చూస్తాడు, ఆయనకి 48 గంటలు ఎక్కువే.

దీనంతటికంటే నన్ను ఏళ్లుగా చంపుతున్నది ఇంకోటి ఉంది, అసలు గొంతుదాకా ఉన్నది అదే. సౌండ్. ఈ సినిమాల్లో గూఢచారులంతా గుసగుసలే మాట్లాడతారు. పడవలో గుసగుస, లిఫ్ట్‌లో గుసగుస, ఎవరూ లేని ఎడారిలో కూడా గుసగుస. వినపడక వాల్యూమ్ పెంచుతామా, మరుక్షణం హెలికాప్టర్ పేలుతుంది, పడుకున్న పిల్లలు లేచి ఏడుస్తారు, తగ్గిస్తామా, మళ్లీ గుసగుస. సినిమా అంతా ఒక చేత్తో రిమోట్ పట్టుకునే చూడాలి. థియేటర్ కోసం అన్ని స్పీకర్లకీ కలిపిన సౌండుని టీవీలో ఉన్న రెండు బుల్లి స్పీకర్లలోకి కుక్కితే ఇలాగే ఉంటుంది, పైగా పలుచటి టీవీ అని మురిసిపోయి కొన్నామా, ఆ స్పీకర్లు గోడవైపో నేలవైపో తిరిగి ఉంటాయి. ఇంటికి పంపేటప్పుడు మాటలు కాస్త పెంచి విడిగా మిక్స్ చెయ్యొచ్చు, చేసేవాళ్లూ ఉన్నారు. వీళ్లకి మాత్రం తీరిక లేదు. అర్థమయ్యే భాషలోనే ఉన్న సినిమాకి సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూస్తున్నాం అంటే మన ఖర్మ ఏ స్థాయిలో ఉందో చూడండి, ఆ సబ్‌టైటిల్స్‌లో కూడా మాటకి ముందే [ద్రోహి నవ్వు] అని పడి ట్విస్టు కాస్తా పాయె.

టీవీలో మాటల సౌండు మాత్రమే పెంచే సెట్టింగ్ ఏ మెనూలో దాక్కుంటుందో తెలిసినవాళ్లు కామెంట్లో పెట్టండి, నైట్ మోడ్ చూశా, దానితో అన్నీ ఒకేలా మూలుగుతున్నాయి. సౌండ్‌బార్ కొనుక్కో అనేవాళ్లు మాత్రం దయచేసి రావద్దు, ఇవాళ నాకు ఓపిక లేదు.