పెరగకుండా పెంచుట ఎట్లు

ఇంటి ముందు కరివేపాకు చెట్టు పెంచేవాళ్లకు ఈ సమాజంలో గౌరవం లేదు. పొద్దున్నే ఎవరో ఒకరు గేటు తోసుకొచ్చి నాలుగు రెబ్బలు తుంచుకుపోతారు, అంతే. అదే గేటు పక్కన డ్యురాంటా అనే అలంకార మొక్కను నెమలిలా కత్తిరించి నిలబెట్టండి. తోకలో ఒక రెబ్బ ఇమ్మని ఎవరూ అడగరు. నీడనివ్వదు, చారులోకి పనికిరాదు. కాబట్టే దానికంత విలువ.

ఇదేమీ నిన్నమొన్నటి పిచ్చి కాదు. తోటల్ని కత్తిరించి తీర్చే పద్ధతిని అగస్టస్ చక్రవర్తి మిత్రుడు గైయస్ మాటియస్ కనిపెట్టాడని రోమన్ రచయిత ప్లినీ రాసిపెట్టాడు. చక్రవర్తి స్నేహితుడికి తప్ప అంత తీరిక ఎవరికుంటుంది? మనకైతే కడియం నర్సరీలున్నాయి. ఇనుప తీగతో చట్రం కట్టి, కొమ్మల్ని దానికి వంచి, ఏళ్ల తరబడి కత్తిరించిన మొక్కను మనం అరగంట బేరమాడి ఆటో ఎక్కిస్తాం.

ఇంటికొచ్చాక మొదలవుతుంది అసలు సేవ. వర్మీకంపోస్టు వేయాలి, ఎందుకంటే మొక్క పెరగాలి. పెరిగిందంతా కత్తెరతో తీసేయాలి, ఎందుకంటే మొక్క పెరగకూడదు. ఇందులో మీకు వైరుధ్యం కనిపిస్తే ఈ కళ మీకు అబ్బదు. కుండీని అప్పుడప్పుడూ పావు వంతు తిప్పుతుండాలి, లేదంటే గోడవైపు నెమలి బోడి. కింది భాగాన్ని పైదానికన్నా కాస్త వెడల్పుగా ఉంచాలి, లేదంటే వెలుతురందక కింద ఆకు రాలుతుంది. మిట్టమధ్యాహ్నం కత్తెర పట్టకూడదు, లోపలి లేతాకు మాడిపోతుంది. పిండినల్లి పడితే వేపనూనె. ఇంట్లో పెద్దాయన బీపీ మాత్ర వేసుకున్నారో లేదో ఎవరికీ తెలియదు గానీ, ఈ సేవలో మాత్రం లోటు రాదు.

వానాకాలంలో ఓ పెళ్లికని ఊరెళ్లి వచ్చారా, అయిపోయింది. ముందు ముక్కు మాయమవుతుంది. తర్వాత మెడ. నెమలి కాస్తా కోడి, కోడి కాస్తా గుమ్మడికాయ. టెన్షన్‌తో లోతుగా కోశారో, లోపలి ఎండుపుల్లలు బయటపడి, మళ్లీ చిగురు పట్టేదాకా బంధువులకు వివరణ ఇచ్చుకోవాలి.

ఇంత ఓపిక లేనివాళ్లూ దిగులుపడక్కర్లేదు. వానలకు ముందు కరెంటు వాళ్లొచ్చి, తీగలకు తగులుతోందని వీధిలోని వేపచెట్టును నడిమికి చీల్చి, అటో రెక్క ఇటో రెక్క వదిలి వెళ్తారు. చట్రం లేదు, ఎరువు లేదు, పైసా ఖర్చు లేదు. ఎందుకోగానీ దాని పక్కన నిలబడి ఎవరూ సెల్ఫీ దిగరు.