దగ్గు లేనివాళ్ళకు టీబీ పరీక్ష దండగా?

వారం రోజులుగా మా తిరుపతి కాలనీ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. "దగ్గూ జ్వరమూ లేనివాళ్ళకు టీబీ పరీక్ష చేయడం ల్యాబుల దందా. దేశంలో మూడోవంతు మందికి ఆ క్రిమి ఉంది, అందరికీ జబ్బు వస్తోందా? నెలల తరబడి మాత్రలు మింగితే లివర్ పోతుంది, టీబీ మొండికేస్తుంది. ఆ డబ్బు జబ్బు వచ్చినవాళ్ళకు పెడితే చాలు." ఒంట్లో నిద్రలో ఉన్న టీబీ క్రిమిని కనిపెట్టి, జబ్బు రాకముందే మాత్రలు ఇవ్వడానికి చేసే ఆ పరీక్షలు నా చేతులతో చేసేదాన్ని కాబట్టి జవాబు చెప్పాలనిపించింది.

మూడోవంతు అన్నది దాదాపు నిజమే. 2019–21 జాతీయ సర్వేలో 15 ఏళ్ళు నిండినవాళ్ళలో సుమారు 31 శాతం మందికి ఇన్ఫెక్షన్ ఉన్నట్టు తేలింది. వీళ్ళలో జీవితకాలంలో జబ్బుపడేది నూటికి 5 నుంచి 10 మందే. అందుకే ఊరందరికీ ఈ పరీక్ష చేస్తే దండగే, ఒప్పుకుంటాను. కానీ ఊరందరికీ చేయమని ఎవరూ అనడం లేదు. ఈ క్రిమి ఉండి, హెచ్‌ఐవీకి మందులు వాడని రోగుల్లో నూటికి 5 నుంచి 10 మంది ఒక్క ఏడాదిలోనే జబ్బుపడవచ్చు. ఇంట్లో టీబీ రోగి ఉన్నవాళ్ళు, ముఖ్యంగా పసిపిల్లలు, డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు, కుప్పం వైపు గ్రానైట్ దుమ్ముకు సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చినవాళ్ళు, వీళ్ళ లెక్క వేరు. ఖర్చు గిట్టుతుందా లేదా అన్నది ఎవరికి పరీక్ష చేస్తున్నాం అన్నదాన్ని బట్టే ఉంటుంది.

దందా అన్న మాట మాత్రం బాధపెట్టింది. ప్రభుత్వ కార్యక్రమంలో మాత్రలకు డబ్బు తీసుకోరు. పైగా హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకు, రోగి ఇంట్లోని ఐదేళ్ళలోపు పిల్లలకు, జబ్బు లేదని తేలితే చాలు, ఈ పరీక్ష లేకుండానే మందు ఇవ్వొచ్చు. దందా అయితే ఆ పరీక్షను ఎందుకు వదులుకుంటారు?

రెండు నెలల కిందట ఒక తల్లి కూతుర్ని తీసుకొచ్చింది. ఇంటాయనకు టీబీ. అమ్మాయి ముంజేతి చర్మంలోకి 0.1 ఎం.ఎల్. పరీక్ష మందు ఎక్కించాను, శనగబద్దంత బుడిపె లేచింది. మూడో రోజు వచ్చారు. ఎరుపును లెక్కలోకి తీసుకోం. వేలితో తడిమి, గట్టిపడిన చోటు అంచుల్లో పెన్నుతో గీత పెట్టి స్కేలుతో కొలవాలి. 14 మిల్లీమీటర్లు, అంటే ఒంట్లో క్రిమి ఉన్నట్టే లెక్క. తల్లి తలుపు దగ్గరకు వేసి, "మేడమ్, పిల్లకు సంబంధాలు చూస్తున్నాం, ఎవురికీ చెప్పొద్దండి" అంది. నిద్రలో ఉన్న క్రిమి ఇంకొకరికి అంటదమ్మా అని నాలుగుసార్లు చెప్పాల్సొచ్చింది. చిన్నప్పుడు బీసీజీ వేయించాం కదా అని కూడా అడిగింది. మన దేశంలో ఆ టీకా మొదలైంది 1948లో, ఇక్కడి మదనపల్లెలోనే. పసిపిల్లలకు వచ్చే ప్రమాదకరమైన టీబీని అది బాగా ఆపుతుంది. పెద్దయ్యాక ఊపిరితిత్తులకు వచ్చేదాన్ని అంతగా ఆపలేదు.

లివర్ సంగతి పూర్తిగా అబద్ధం కాదు. ఈ మాత్రల్లో ఉండే ఐసోనియాజిడ్ అనే మందు కొందరికి పడదు. వయసు పైబడినవాళ్ళకు, రోజూ సారా, బ్రాందీ లాంటివి తాగేవాళ్ళకు ముప్పు ఎక్కువ. అందుకే ముందే అడుగుతారు. అన్నం సయించకపోయినా, వాంతులైనా, కళ్ళు పచ్చబడినా మాత్ర ఆపి డాక్టర్ దగ్గరకు వెళ్ళాలి. వీటిలోనే ఉండే రిఫాపెంటిన్ అనే ఇంకో మందుతో మూత్రం ఎర్రగా వస్తే మాత్రం టెన్షన్ పడక్కర్లేదు, అది మందు రంగు.

మొండికేయడం, అంటే టీబీ మందులకు లొంగకపోవడం అంటారా, జబ్బు ముదిరి ఉన్న మనిషికి ఈ ఒకటీ రెండు మందులే ఇస్తే ఆ ప్రమాదం నిజమే. లక్షణాలు అడిగి, ఎక్స్‌రే తీసి, జబ్బు లేదని తేల్చుకున్నాకే మొదలుపెట్టేది అందుకే.

ఇక డబ్బు. జబ్బు వచ్చాక మామూలు టీబీకే ఆరు నెలల వైద్యం. రోగికి ప్రభుత్వం ఇచ్చే పోషణ సాయం ఒక్కటే నెలకు 1000 రూపాయల చొప్పున 6000. కూలికి పోలేని రోజులు, రోగం బయటపడేలోపు ఇంట్లో అంటుకున్నవాళ్ళు వేరే. ముందుగా మాత్రలు సరిగ్గా వాడితే జబ్బు వచ్చే అవకాశం 60 శాతమో అంతకు మించో తగ్గుతుంది.

ఆ అమ్మాయి ఎక్స్‌రే బాగానే వచ్చింది. వారానికోసారి చొప్పున 12 వారాల మాత్రలు రాశారు. ప్రతి ఆదివారం టిఫిన్ తిన్నాక వేసుకుంటోంది. ఏడు వారాలు అయ్యాయి, ఇంకా ఐదున్నాయి.