క్లయింటు పిలిస్తే వెళ్లకూడదా?

తన సంస్థ తరఫున ఏడాదో రెండేళ్లో క్లయింటు ఆఫీసులోనే కూర్చుని పనిచేసిన ఉద్యోగిని, చివరికి ఆ క్లయింటే "మా దగ్గర చేరతారా?" అని అడుగుతాడు. పని తెలిసిందే, మనుషులూ తెలిసినవాళ్లే, జీతం కాస్త ఎక్కువ. సరే అనబోయేసరికి, చేరిన రోజు చదవకుండా సంతకం పెట్టిన కాగితం గుర్తొస్తుంది. మానేశాక ఏడాది పాటు సంస్థ క్లయింట్ల దగ్గర పనిచేయకూడదని అందులో ఉంటుంది. ఇక టెన్షన్ మొదలు. కోర్టుకు లాగుతారా? ఉద్యోగం నుంచి విడుదల చేసినట్టు ఇచ్చే రిలీవింగ్ లెటర్ ఆపేస్తారా?

ఆ షరతుకు భయపడి మంచి అవకాశం వదులుకోవాల్సిన పనిలేదని మేం నమ్ముతున్నాం. చట్టబద్ధమైన వృత్తి, వ్యాపారం చేసుకోకుండా ఎవరినైనా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. గుడ్‌విల్‌తో, అంటే వ్యాపారానికి ఉన్న మంచిపేరుతో సహా వ్యాపారాన్ని అమ్ముకున్నవారికే అక్కడ మినహాయింపు. ఒప్పందం నడుస్తున్న కాలంలో ఆంక్ష పెట్టవచ్చని సుప్రీంకోర్టు 1967లో అంగీకరించింది. అది న్యాయమే. ఒకరి జీతం తీసుకుంటూ వారి పోటీదారుకు పనిచేయడం తప్పు. కానీ జీతం ఆగిపోయాక కూడా మనిషి మీద అదుపు కావాలనడం ఏం న్యాయం?

యజమాని బాధను మేం కొట్టిపారేయడం లేదు. మనిషిని వెతికి, పని నేర్పి, క్లయింటు దగ్గర కూర్చోబెడితే, అటు మనిషీ ఇటు కాంట్రాక్టూ రెండూ పోతాయి. చిన్న సంస్థకు అది పెద్ద దెబ్బే. అయితే ఆ లెక్క తేల్చుకోవాల్సింది క్లయింటుతో. "మా ఉద్యోగులను తీసుకోవద్దు, తీసుకుంటే ఇంత చెల్లించాలి" అని రెండు సంస్థలూ ముందే రాసుకోవచ్చు. ఒక సంస్థ డిస్ట్రిబ్యూటరు సిబ్బందిని పిలుచుకోవడానికి ప్రకటన ఇచ్చిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2006లో ఈ తేడానే చూసింది. అలాంటి షరతు ఆ సంస్థను కట్టడి చేస్తుంది తప్ప ఉద్యోగి ఉద్యోగం వెతుక్కునే హక్కును కాదని, షరతు మీరితే నష్టపరిహారం అడగవచ్చని చెప్పింది. ఎంతో తెలివైన తీర్పు అది. డబ్బున్న ఇద్దరి మధ్య తగాదాలో మూడోవాడి కడుపు కొట్టనివ్వలేదు.

జర్మనీలో మానేసిన ఉద్యోగిని పోటీకి వెళ్లకుండా ఆపాలంటే, ఆ కాలమంతా చివరి జీతంలో కనీసం సగం చెల్లించాలి. అదీ రెండేళ్లకు మించకూడదు. ఆపడానికి నిజంగా అంత అవసరం ఉంటే డబ్బు ఇచ్చే ఆపుతారు. ఉచితంగా ఆపే వీలుంటే మాత్రం అవసరం లేని చోటా అదే షరతు రాస్తారు. అమెరికాలో దాదాపు మూడు కోట్ల మంది ఇలాంటి షరతుల కింద ఉన్నారని వ్యాపార పోటీని పర్యవేక్షించే అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అంచనా. వాటిని నిషేధిస్తూ 2024 ఏప్రిల్‌లో అది తెచ్చిన నిబంధనను ఆగస్టులోనే టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు కొట్టేసింది.

వెళ్లేవాళ్లకూ ఒక మాట. రహస్యాలు కాపాడతామన్న హామీ ఉద్యోగం మానేసినా పోదు. కోడ్, ధరల పట్టికలు, కస్టమర్ల వివరాలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్తే ఏ సెక్షనూ కాపాడదు. ఫలానా కాలం పనిచేయకపోతే డబ్బు కట్టాలన్న బాండు కూడా వేరే విషయం. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు 2025లో దాన్ని సమర్థించింది. కాబట్టి సంతకం పెట్టిన కాగితాన్ని ఇప్పుడైనా పూర్తిగా చదవండి. నోటీసు పీరియడ్ పూర్తిచేసి, పని అప్పగించి, చెప్పే వెళ్లండి.

అలా వెళ్లేవారి రిలీవింగ్ లెటర్‌ను, రావాల్సిన డబ్బును తొక్కిపెట్టడం అన్నిటికన్నా హీనమైన పని. కోర్టులో నిలవదని తెలిసిన షరతును ఇలా దొడ్డిదారిన అమలు చేస్తున్నారు. చివరి పనిదినం నుంచి ఇన్ని రోజుల్లో ఆ పత్రం ఇచ్చి తీరాలని, ఆపితే జరిమానా తప్పదని కార్మిక చట్టంలోనే రాయాలని మేం కోరుతున్నాం.