ఎండుటాకు మీద యుద్ధం

పార్కుకు అసలు ముప్పు ఎవరి వల్లో పురపాలక సంఘాలు ఎట్టకేలకు కనిపెట్టాయి. కబ్జాదారుల వల్ల కాదు. సగం పార్కును మింగి లేచిన వాటర్ ట్యాంకు వల్లా కాదు. ఎండుటాకు వల్ల. చెట్టు మీద ఉన్నన్నాళ్లూ దాని పేరు పచ్చదనం, దాని కోసం ఉపన్యాసాలు. తొడిమ ఊడి కింద పడిందా, పారిశుద్ధ్య సమస్య. ఒక శాఖ నుంచి రాలి ఇంకో శాఖ చేతిలో పడుతుందన్నమాట.

యుద్ధం పొద్దున్నే మొదలవుతుంది. ఒకాయన వీపుకు గాలి ఊదే బ్లోయర్ కట్టుకొని ఆకుల్ని తూర్పు నుంచి పడమరకు తోలుకుపోతాడు. సూపర్‌వైజర్ 'ముందు' ఫోటో తీసి పెట్టుకుంటాడు. పడమటి గాలి ఒప్పందం మీద సంతకం పెట్టలేదు గనుక వచ్చిన ఆకుల్ని వచ్చినట్టే వెనక్కి పంపిస్తుంది, దారిలో పక్క చెట్టువి ఇంకో నాలుగు కలిపి మరీ. మళ్లీ తోలకం, మళ్లీ తిరుగుటపా. చివరికి 'తర్వాత' ఫోటోలో 'ముందు' కంటే ఎక్కువ ఆకులు తేలతాయి. పరిపాలనా దక్షత అంటే ఏమిటో అప్పుడు చూడాలి: ఫోటోల క్రమం మార్చి బిల్లు పెడతారు.

ఆకులు పోయాక కూడా చీపురు ఆగదు, ఎందుకంటే చెల్లింపు చదరపు మీటర్ల లెక్కన. దువ్విన తలలా గీతలు తేలేదాకా ఊడుస్తారు. ప్రతి ఊడ్పుకూ పైమట్టి ఓ పొర లేచిపోతుంది. ఎండకు నేల గట్టిపడి, వాన నీరు ఇంకకుండా జారిపోతుంది. కొన్నేళ్లకు వేళ్లు బయటపడతాయి, వాటికి తట్టుకొని ఎవరో పడతారు, 'ప్రజా భద్రత' దృష్ట్యా వేళ్ల మీద సిమెంటు పోస్తారు. చెట్టు ఎండుముఖం పడితే కారణం 'వాతావరణ మార్పు'.

ఈలోగా టెండరు పిలుస్తారు. దేనికంటారా? సేంద్రియ ఎరువు కొనడానికి! ఉచితంగా రాలిన ఎరువును బయటికి తోలి, బస్తాల్లో ఎరువును లోపలికి తోలుకొస్తారు. రెండు వైపులా లారీ కిరాయి ఉంది మరి.

అదే ఆకును పాదులో రెండు మూడు అంగుళాల మందాన పరిచి, మొదలు చుట్టూ జానెడు ఖాళీ వదిలితే (మొదలుకు ఆనించి పోస్తే తేమకు బెరడు కుళ్లుతుంది) తడి నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది, వానపాములు తవ్వుకూలీ అడక్కుండా నేల గుల్ల చేస్తాయి. మిగిలిన ఆకును మీటరు ఎత్తు, మీటరు వెడల్పున్న జాలీ గూట్లో తడిపి తొక్కి వదిలేస్తే ఏడాదిలో ఆకు ఎరువు. అంత ఓపిక లేదా? మూడు గంపల ఎండుటాకుకు ఒక గంప కోసిన పచ్చగడ్డి కలిపి, పిండిన గుడ్డంత తడి ఉంచి, వారానికోసారి తిరగేస్తే మూడు నాలుగు నెలలు చాలు. కుప్ప మధ్యలో వేడి 55 డిగ్రీలు దాటాలి. వేడెక్కకపోతే ఎండిపోయిందనో, కుప్ప చిన్నదనో. కంపు కొడితే పచ్చగడ్డో నీళ్లో ఎక్కువై గాలాడటం లేదని. ఇందులో ఇంజనీర్ల కమిటీ తేల్చాల్సింది ఏమీ లేదు, బహుశా అదే దీనిలోని లోపం.

కానీ వాళ్లకు అగ్గిపెట్టె ఉంది.

నవ్వడం ఇక్కడితో సరి. ఆకుల కుప్పను చెట్టు మొదట్లోనే తగలబెడతారు. బెరడు కింద పల్చటి పొర ఒకటి ఉంటుంది, చెట్టు లావెక్కేది దానితోనే. ఆ సెగకు అది చచ్చిపోతుంది. చుట్టూరా చస్తే చెట్టు చచ్చినట్టే, కాకపోతే తెలిసేసరికి నెలలు పడుతుంది. ఆకులోని నత్రజనిలో చాలా భాగం పొగలో పోతుంది. ఆకుల మడతల్లో ఒదిగి ఉన్న సీతాకోకచిలుక ప్యూపాలు మాడిపోతాయి, ఆనక అదే పార్కు గోడ మీద సీతాకోకచిలుక బొమ్మ వేయిస్తారు. ఆ పొగ ఉయ్యాలల దగ్గర పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందరికంటే ముందు, మాస్కు కూడా ఇవ్వకుండా ఎవరి చేత అగ్గి పెట్టిస్తారో ఆ కూలీ మనిషి ఛాతీలోకి పోతుంది. సిగ్గుండాలి! కాల్చొద్దన్న బోర్డు పెట్టినవాళ్లే, ఆ బోర్డు నీడలోనే కాలుస్తారు.

ముల్లు మీద ఆకు పడ్డా, ఆకు మీద ముల్లు పడ్డా నష్టం ఆకుకే అంటారు. ఇక్కడ చెట్టుక్కూడా. ఎందుకంటే ఎంత ఊడ్చినా ఆకు రాలుతూనే ఉందని ఫిర్యాదు వస్తుంది, 'అతిగా చెత్త వేయు చెట్టు' అని ఫైలు కదులుతుంది, రంపం వస్తుంది. ఆ మూలకు శుభ్రతలో పూర్తి మార్కులు పడతాయి.

బ్లోయరు మాత్రం మర్నాడూ వస్తుంది, ఒప్పందం ఇంకా రెండేళ్లుంది. ఆకు లేదు గనుక దుమ్మును తూర్పు నుంచి పడమరకు తోలుతుంది.