ముందు ముప్పై రోజులు దీవిలో పెట్టండి

డుబ్రోవ్నిక్ నగర పాలకులకు నాదొక విన్నపం. క్రొయేషియా దక్షిణ కొసన, ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున, రాతి గోడల మధ్య మీరు కాపాడుకొస్తున్న పాత పట్టణంలోకి ఇకమీదట పర్యాటకులెవరినీ నేరుగా రానివ్వకండి. పట్టుకెళ్ళి ముప్పై రోజులు మర్కాన్ దీవిలో పెట్టండి. ఇది నేను కొత్తగా కనిపెట్టిన మందు కాదు, మీ తాతముత్తాతలు 1377లో రాసుకున్న చట్టమే. ప్లేగు ఉన్న చోట్ల నుంచి వచ్చేవాళ్ళు మర్కాన్ దీవిలోనో, త్సవ్తాత్ ఊళ్ళోనో నెల రోజులు గడిపాకే రగూసాలో కాలు పెట్టాలన్నారు. అప్పట్లో మీ ఊరి పేరు రగూసా. ప్రపంచంలో క్వారంటైన్‌కు అదే తొలి చట్టమని చెబుతారు. ఇంత మంచి చట్టాన్ని అటకెక్కించి, గేట్లు బార్లా తెరిచి కూర్చున్నారు.

ప్లేగు పోయిన మాట నిజమే. కానీ దాని తర్వాత వచ్చిన జబ్బుతో నేను మొన్న మీ ఊరొచ్చాను, అదీ కుటుంబ సమేతంగా. జబ్బు పేరు 'కవర్ చేయడం'.

తెలుగువాళ్ళకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. ఎవరైనా టూర్ నుంచి తిరిగొస్తే 'ఏం చూశారు?' అని మనం అడగం. 'ఎన్ని కవర్ చేశారు?' అంటాం. పరీక్షల ముందు సిలబస్ కవర్ చేసినట్టన్నమాట. చదివిందేమిటో గుర్తుండక్కర్లేదు, వదిలేసింది మాత్రం ఉండకూడదు.

మ్యూనిక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా బావమరిది ఈ శాస్త్రంలో ఘనాపాఠి. హైదరాబాద్ నుంచి మేం దిగేసరికే రంగురంగుల ఎక్సెల్ షీట్ సిద్ధంగా ఉంది. మూడు రోజుల్లో డుబ్రోవ్నిక్, మాంటెనెగ్రోలో కోటొర్, బోస్నియాలో మోస్తార్. 'ఎలాగూ ఇంత దూరం వచ్చారు కదా బావగారూ, పనిలో పనిగా మూడు దేశాలు అయిపోతాయి' అన్నాడు. డబ్బాలో జంతికలు అయిపోయినట్టు దేశాలు అయిపోతాయని నాకు అప్పటిదాకా తెలియదు. 1993 యుద్ధంలో కూలి, 2004లో మళ్ళీ నిలబడిన మోస్తార్ రాతి వంతెన గురించి నా దగ్గరున్న సమాచారం ఒక్కటే: దాని మీద తీసిన ఫొటోలో నేను కళ్ళు మూసుకున్నాను.

సరే, డుబ్రోవ్నిక్. చక్రాల సూట్‌కేసులు రాళ్ళ మీద గడగడలాడిస్తూ ఈడ్వకండి, చేత్తో ఎత్తుకెళ్ళండి అని నగరం వారు 2023లో పర్యాటకులను వేడుకున్నారు. పాపం, వాళ్ళు ఏ దేశం సూట్‌కేసును దృష్టిలో పెట్టుకుని అన్నారో! మా సూట్‌కేసు బరువు సరిగ్గా ఇరవై మూడు కిలోలు, ఎయిర్‌లైన్స్ ఇచ్చిన హక్కులో గ్రాము కూడా వదులుకోలేదు. అందులో కందిపొడి, గోంగూర పచ్చడి, బుల్లి రైస్ కుక్కర్. మేం దిగిన ఇల్లు పాత పట్టణంలో ఓ సందు పైకొస. మెట్లు లెక్కపెట్టడం ఎనభై దగ్గర మానేశాను. చివరి పాతిక మెట్ల మీద గోంగూర మీద నాకున్న అభిమానం కొంత సడలింది.

ఇక గోడ. పొడవు 1,940 మీటర్లు, ఎత్తు కొన్ని చోట్ల 25 మీటర్లు. టికెట్ మనిషికి నలభై యూరోలు. యూరోను వందతో హెచ్చవేయడం మా ఇంట్లో ఊపిరి తీసుకున్నంత సహజం. ఐదుగురికి ఇరవై వేలు. మీటరుకు పది రూపాయల పైచిలుకు పడుతోందని మా ఆవిడ అక్కడికక్కడే తేల్చింది. ఆ లెక్క తెలిశాక ఒక్క మీటరు కూడా వదలబుద్ధి కాలేదు. గోడ మీద అందరూ ఒకే దిక్కుగా తిరగాలి, వెనక్కి రాకూడదు. ఎండలో, గానుగెద్దుల్లా, ముందువాళ్ళ వీపులు చూసుకుంటూ తిరిగాం. ఈ ఊరు ఒకప్పుడు కత్తి దూయకుండా తుర్కీ సుల్తానుకు ఏటా 12,500 డ్యూకట్లు కప్పం కట్టి స్వతంత్రంగా బతికిందట. ఆ కప్పం అసలూ వడ్డీతో కలిపి ఇప్పుడు మా దగ్గర వసూలవుతోందని నా అనుమానం. గోడ బయట కొండ మీదున్న లోవ్రియెనాత్స్ కోట గుమ్మం మీద 'లోకంలోని బంగారమంతా ఇచ్చినా స్వేచ్ఛను అమ్ముకోరాదు' అని లాటిన్‌లో చెక్కారు. నిజమే, అమ్మరు. రోజు లెక్కన అద్దెకిస్తారు.

గోడ మీద నుంచి చూస్తే ఊరంతా ఎర్ర పెంకుటిళ్ళు. 'కలర్ భలే ఉంది' అనుకుంటూ అందరం వరసగా ఫొటోలు దిగాం. కాస్త ఆగి చూస్తే అక్కడక్కడా కప్పులు వెలిసిపోయి గోధుమ రంగులో ఉంటాయి, మిగిలినవన్నీ కొత్త ఎరుపు. గుండ్లు పడి కొత్త పెంకులు వేసిన ఇళ్ళవి. 1991-92లో యుగోస్లావ్ సైన్యం ఈ ఊరిని నెలల తరబడి ముట్టడించింది. అన్నిటికన్నా ఘోరమైన రోజు 1991 డిసెంబరు 6. పాత పట్టణంలో 824 భవనాలుంటే 563 దెబ్బతిన్నాయి. ఏ ఇంటి మీద ఏం పడిందో గుర్తులు పెట్టిన పటం గేటు దగ్గర గోడకు ఉంది. అక్కడ నీడ బాగుంటుంది. మేం ఆ నీడన నిలబడి మిక్స్చర్ తిన్నాం. మా వెనక ఉన్నది ఆ పటమని, ఇంటికొచ్చాక ఫొటో పెద్దది చేసి చూస్తే తెలిసింది.

అసలు పైన చెప్పిన చరిత్ర తేదీలూ అంకెలూ ఏవీ నేను డుబ్రోవ్నిక్‌లో తెలుసుకున్నవి కావు. హైదరాబాద్ తిరిగొచ్చి, 'అవునూ, ఇంతకీ మనం వెళ్ళింది ఎక్కడికి?' అని తాపీగా చదువుకుంటే తేలినవి. ఆ ఊళ్ళో ఉండగా మాకు ఖాళీ ఎక్కడిది? గంటల తరబడి తిరుమల క్యూలో నిలబడి, 'జరగండి జరగండి' మధ్య రెప్పపాటులో దర్శనం చేసుకోవడంలో ఆరితేరిన జాతి మనది. అక్కడైతే నెట్టడానికి మనుషులుంటారు. ఇక్కడ ఎవరూ లేకపోయినా 'జరగండి' అని మమ్మల్ని మేమే నెట్టుకున్నాం.

తీరిక చేసుకుని చదివితే కొన్ని సంగతులు కడుపుమంట పుట్టించాయి కూడా. రగూసా గణతంత్రంలో అధినేతను రెక్టర్ అనేవారు. ఆయన పదవీకాలం ఎంతనుకున్నారు? ఒక నెల. ఆ నెలంతా అధికారిక పని ఉంటే తప్ప భవనం దాటి బయటికి రాకూడదు. సభ గుమ్మం మీద 'సొంత పనులు మరిచి ప్రజల పనులు చూడండి' అని చెక్కించారు. (అందరూ ప్రభు వంశాలవాళ్ళేలెండి, మామూలు జనానికి అక్కడ వాటా లేదు.) నెల రోజులంటే మన దగ్గర ఫ్లెక్సీలు కట్టడానికి, దండలు మోయడానికే చాలదు. ఇక విగ్రహాల విషయం వింటే మన కూడళ్ళన్నీ సిగ్గుతో తలదించుకోవాలి. శతాబ్దాల పాటు బతికిన ఆ గణతంత్రం తన పౌరుల్లో ఒకే ఒక్కడికి విగ్రహం పెట్టించింది. మిహో ప్రాత్సాత్ అనే ఓడల వ్యాపారి, ఆస్తిని ప్రభుత్వానికి రాసిచ్చి పోయాడు. 1638లో రెక్టర్ భవనంలో ఆయన రూపం పెట్టారు. అదీ నిలువెత్తుది కాదు, భుజాల వరకే.

ఎవరైనా నెలకు మించి కుర్చీలో కూర్చుంటే ఏం కొంప మునుగుతుందోనని భయపడ్డ ఊరిది. ఇప్పుడు అదే ఊరికి ఎదురుగా ఉన్న లోక్రుమ్ దీవిలో, పేరుమోసిన ఓ ఇంగ్లిష్ టీవీ సీరియల్‌లోని కత్తుల సింహాసనానికి నకలు పెట్టారు. దాని మీద కూర్చోవడానికి జనం బారులు తీరుతున్నారు. నేనూ కూర్చున్నాను. రెక్టర్‌కు నెల దొరికింది, నాకు పన్నెండు సెకన్లు. దీవిలో నెమళ్ళు తిరుగుతుంటాయి. అవి మమ్మల్ని చూసిన చూపులో గౌరవమేమీ కనిపించలేదు.

మా బృందంలో ఈ జబ్బు అంటనిది అత్తగారికొక్కరికే. అదేదో జ్ఞానోదయం వల్ల కాదు, మోకాళ్ళ వల్ల. సీసా నీళ్ళ ధరను వందతో హెచ్చవేసి గుండె పట్టుకున్న ఆవిడ, పీలే గేటు లోపల ఒనోఫ్రియో ఫౌంటెన్ దగ్గర ఊరికే నీళ్ళు పట్టుకోవచ్చని తెలిశాక ఇక అక్కడి నుంచి కదల్లేదు. 1436లో పని మొదలెట్టి పన్నెండు కిలోమీటర్ల దూరం నుంచి నీళ్ళు తెప్పించారు. చుట్టూ పదహారు రాతి ముఖాలు, వాటి నోళ్ళలోంచి ధారలు. అన్ని ముఖాల దగ్గరా పట్టి చూసి, ఐదోదాని నీళ్ళు బాగున్నాయని ఆవిడ తీర్పిచ్చారు. అన్నీ ఒకటే నీళ్ళని చెప్పే ధైర్యం అల్లుడికి ఉండదు.

ఆవిడకు నచ్చిన మరో కథ ఓర్లాండో స్తంభానిది. 1418లో కూడలిలో నిలబెట్టిన ఆ వీరుడి మోచేతి పొడవే ఊరందరికీ కొలత: 51.2 సెంటీమీటర్లు. బట్టల వ్యాపారి కొలతలో తేడా చేస్తే తీసుకొచ్చి ఆ రాతి చేతితో సరిచూసుకోవచ్చు. పక్కనే స్పొన్జా భవనంలో, సరుకులు తూచేచోట 'నేను సరుకు తూచేటప్పుడు దేవుడు నన్ను తూస్తాడు' అని కూడా చెక్కారు. అత్తగారు తన మోచెయ్యి చాపి చూసుకుని, 'మన మోండా మార్కెట్‌లో ఇలాంటిదొకటి పెట్టించాలి బాబూ, మల్లెపూల మూర ఏడాదికేడాది కురచ అయిపోతోంది' అన్నారు. ఆ మూడు రోజుల్లో మా అందరి నోటి నుంచీ వచ్చిన ఒకే ఒక్క పనికొచ్చే మాట అది. అప్పుడు నేను ఐస్‌క్రీమ్ క్యూలో ఉన్నాను.

కాబట్టి నగర పాలకులారా, ఒకేసారి రెండు పెద్ద ఓడలకు మించి రానివ్వబోమని మీరు పెట్టుకున్న హద్దు చాలదు. నాలాంటివాళ్ళం విమానాల్లో కూడా వస్తాం. దీవే శరణ్యం. మొదటి వారం ఫోన్ లేక రోగి చెయ్యి వణుకుతుంది, ఖాళీ అరచేతిని పైకెత్తి నవ్వుతుంటాడు. భయపడొద్దు. రెండో వారానికి యూరోను వందతో హెచ్చవేయడం తగ్గుముఖం పడుతుంది. రోగి ఒక రాయిని పది నిమిషాలు చూసి కూడా 'తర్వాత ఏంటి?' అని అడగలేదంటే నయమైందని లెక్క. అప్పుడు పడవ పంపించండి. మర్కాన్‌లో ఇళ్ళూ వాకిళ్ళూ లేవంటారా, ఊరి గుమ్మంలోనే క్వారంటైన్ కోసం కట్టిన లాజరేటి భవనాలున్నాయి. వాటిలో ఇప్పుడు కచేరీలు పెట్టుకుంటున్నారట. నాలుగు గదులు మాకు వదిలిపెట్టండి.

ఇందులో ఒక చిక్కుందని ఒప్పుకుంటాను. మాకు షెంగెన్ వీసా ఇచ్చేవారు హోటల్ బుకింగ్‌లు వేళ్ళ మీద లెక్కపెట్టి, సరిగ్గా అన్ని రోజులకే ముద్ర వేశారు. ముప్పై రోజుల క్వారంటైన్‌కు అప్లికేషన్‌లో ప్రయాణ కారణం ఏమని రాయాలో మీరే ఓ మాట చెప్పి పుణ్యం కట్టుకోవాలి.

ఈ ఉత్తరం పంపే ముందు మా బావమరిదికి ఫోన్ చేసి చదివి వినిపించాను. చివరిదాకా ఓపిగ్గా విన్నాడు. మధ్యలో కీబోర్డ్ చప్పుడు వినిపించింది.

'మర్కాన్ మనం మిస్సయ్యాం బావగారూ, ఛ! ఈసారి త్సవ్తాత్ నుంచి బోటు మాట్లాడుకుంటే గంటలో కవర్ చేసేయొచ్చు' అన్నాడు.