సి-ఇ క్యాప్సూల్ గారికి ఓ గర్భిణి విన్నపం

మహారాజశ్రీ యాంటీ ఆక్సిడెంట్ క్యాప్సూల్ గారికి,

ఏడో నెల గర్భిణి నమస్కరించి రాయునది. నిన్న మధ్యాహ్నమంతా నర్సింగ్ హోమ్‌లో కూర్చోబెట్టి, బరువు చూసి, తమరిని చేతిలో పెట్టి పంపించారు. బీపీ చూడండని అడిగితే, "మిషన్ పనిచేయట్లేదమ్మా, బీపీ రాకుండా ఈ క్యాప్సూల్ రాశారుగా, టెన్షన్ పడకండి" అని సిస్టర్ సెలవిచ్చింది. బీపీ బాధ్యత తమరిదేనని తేలింది కాబట్టి తమరికే రాస్తున్నాను.

తమరు ఒకప్పుడు మెరిసిన మాట నిజమే. కడుపులో బిడ్డను పోషించే మాయకు రక్తం సరిగ్గా అందకపోతే జరిగే చేటును సి, ఇ విటమిన్లు ఆపుతాయనుకున్నారు. 1999లో బ్రిటన్‌లో ఓ చిన్న ప్రయోగం ఆశ పెట్టింది కూడా. 2006లో అక్కడే సుమారు 2,400 మందితో చూస్తే గర్భంలో బీపీ పెరిగి గుర్రపువాతానికి (ఫిట్స్‌కు) దారితీసే ప్రీఎక్లాంప్సియా ముప్పు తగ్గలేదు సరికదా, తక్కువ బరువు పిల్లలు ఎక్కువగా పుట్టారు. 2010లో అమెరికాలో దాదాపు 10,000 మందితో చూశారు, అక్కడా లాభం లేదు. ఆ మరుసటి ఏడే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పనికి తమరు వద్దని చెప్పేసింది. అయినా మెరుపు రేకు కట్టుకుని కౌంటర్ మీదికి వస్తున్నారు! ధర చూసి మా అత్తయ్య తమరిని దేవుడి పటం పక్కన పెట్టింది. తమరితో వచ్చిన చాక్లెట్ రుచి ప్రోటీన్ డబ్బా గారికి విడిగా రాస్తాను.

పాపం, సర్కారు కాల్షియం మాత్రకు ఈ రేకులూ లేవు, పటమూ లేదు. సుద్దముక్కలా గొంతు దిగదు. ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకూడదని ఓ పేచీ. కానీ తిండిలో కాల్షియం తక్కువైన మాలాంటివాళ్లకు ఆ ముప్పు తగ్గించేది అదే. ముప్పు ఎక్కువున్నవాళ్లకు చిన్న డోసు ఆస్పిరిన్ కూడా ఉంది, డాక్టరు చూసి వీలైతే 20 వారాల్లోపే మొదలుపెట్టాలి. మా అమ్మకు నా కాన్పులో బీపీ వచ్చింది. ఆ సంగతి నన్ను అడిగినవాళ్లే లేరు, ఆ గడువూ దాటిపోయింది.

అదీ పోనివ్వండి. ఇంటికొచ్చి కార్డు తెరిస్తే బీపీ గడిలో 110/70 అని ఉంది. ఎవరు చూశారు? ఎప్పుడు చూశారు? చేతికి పట్టీ చుట్టకుండా ఆ అంకె ఎక్కడి నుంచి ఊడిపడింది? 140/90 దాటినా ఒంట్లో ఏమీ తెలియకపోవచ్చు, అందుకే కదా ప్రతిసారీ కొలవమనేది! తలనొప్పి, కళ్లు మసకలు, మొహం వాపు వచ్చాక చూద్దామనా? మూత్రంలో ప్రోటీన్ పరీక్ష ఊసే లేదు. మిషన్ చెడిపోతే బాగు చేయించండి, లేదంటే గడి ఖాళీగా వదిలేయండి. దొంగ అంకె మాత్రం రాయకండి.

రేపు మా ఊరి ఏఎన్ఎం దగ్గరికి వెళ్తున్నాను. ఆవిడ కసురుకుంటుంది, ఆలస్యంగా వస్తుంది. కానీ పట్టీ అంటుకోకపోతే చేత్తో పట్టుకుని మరీ బీపీ చూస్తుంది. చూశాకే రాస్తుంది.

ఇట్లు,
రికార్డుల ప్రకారం క్షేమంగా ఉన్న గర్భిణి