పరిచయాలు సరే, గ్యారంటీ సంతకం ఎవరు పెడతారు?

అమెరికాలోని డెట్రాయిట్‌లో నల్లజాతి, ఇతర మైనారిటీ రియల్ ఎస్టేట్ డెవలపర్ల కోసం క్యాపిటల్ ఇంపాక్ట్ పార్ట్‌నర్స్ అనే లాభాపేక్ష లేని రుణ సంస్థ మొదలుపెట్టిన శిక్షణ కార్యక్రమం, ఈక్విటబుల్ డెవలప్‌మెంట్ ఇనిషియేటివ్ గురించి మీ వ్యాసంలో బాగా రాశారు. శిక్షణ, మెంటర్, పరిచయాలు అన్నీ అవసరమే. కానీ చిక్కంతా ఉన్నచోట, అంటే సొంత డబ్బు, గ్యారంటీ దగ్గర, వ్యాసం ఒక్క వాక్యంతో సరిపెట్టింది.

ఇరవై ఫ్లాట్ల బిల్డింగ్ కట్టాలనుకోండి. బ్యాంకు గడప తొక్కేలోపే స్థలానికి అడ్వాన్స్, మట్టి పరీక్ష, పర్యావరణ రిపోర్టు, ఆర్కిటెక్టు, లాయరు ఫీజులు సొంత జేబులోంచి పోవాలి. ప్రాజెక్టు ఆగిపోతే అవి గంగలో పోసినట్టే. ఆ తర్వాత బ్యాంకు గ్యారంటర్‌ని, అంటే అప్పు తీరకపోతే తను కడతానని సంతకం పెట్టే మనిషిని, అడుగుతుంది. సాధారణంగా అప్పు ఎంతో ఆయన ఆస్తి కూడా అంత ఉండాలి, అప్పులో పది శాతం దాకా నగదు చేతిలో ఉండాలి. 1930లలో హెచ్ఓఎల్‌సీ అనే అమెరికా ప్రభుత్వ ఇంటి రుణాల సంస్థ మ్యాపులు అప్పివ్వడం ప్రమాదమని ఎర్రరంగు పూసిన నల్లజాతి పేటల్లో తాతకు ఇంటి లోను దొరక్కపోతే, మనవడికి ఆ ఆస్తి ఎక్కడినుంచి వస్తుంది? ఇళ్ల విషయంలో జాతి వివక్షను నిషేధిస్తూ 1968లో ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చింది, నిజమే. పోయిన ఆస్తి మాత్రం రాలేదు.

డాలస్‌లో మనవాళ్లు నలుగురు వాట్సాప్‌లో మాట్లాడుకుని, ఎల్ఎల్‌సీ అనే చిన్న కంపెనీ పెట్టి స్థలం కొనేస్తారు. అదీ నెట్‌వర్కే, పేరు లేదంతే. కాకపోతే వాళ్లలో చాలామందికి ఐటీ జీతాల దన్ను ఉంది.

నా లెక్కలో మంచి మెంటర్ తన స్ప్రెడ్‌షీట్ తెరిచి, అనుకోని ఖర్చులకు ఎంత పక్కన పెట్టాడో చూపించాలి. కుదిరితే మొదటి ప్రాజెక్టులో భాగస్వామిగా చేరి గ్యారంటీ మీద తనూ సంతకం పెట్టాలి. ఈ శిక్షణ పొందినవాళ్లలో ఎంతమందికి అలా మొదటి లోను వచ్చిందో ఈసారి రాస్తారా?